కల్లు తాపి బతికించిన కుక్క

మా కుక్క మొరిగితే కోనరావుపేటలో ఉట్టి మీది కుండలు కదిలేవి. రుద్రంగి అవతల మా ఊళ్లో దానికి ఎదురు నిలిచిన కుక్క లేదు. మా వీధికీ పై వీధికీ మధ్యనున్న బోరింగు కుక్కల సరిహద్దు. దానికోసం వారానికి రెండు యుద్ధాలు జరిగేవి. ఎంత దుమ్ము లేచేదంటే, మబ్బు పట్టిందనుకుని జనం ఆరబోసిన వడ్లు ఎత్తుకునేవారు. చెవులు చిరిగేవి, తోకలు తెగేవి. చివరికి ఓడిన కుక్క వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకి లేపి, గొంతు చూపించేది. గెలిచింది ఆ గొంతును ఒకసారి వాసన చూసి, బోరింగు మీద కాలెత్తి, తన దారిన పోయేది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ తప్పడం తప్ప వేరే పని లేక, అరుగు మీద కూర్చుని అన్ని యుద్ధాలూ చూశాను. కుక్క చేతిలో కుక్క చావగా మాత్రం చూడలేదు.

ఆ ఏడు అడవిలోని అన్నల నుంచి కబురొచ్చింది. తాము ఊళ్లోకి వస్తుంటే కుక్కలు మొరుగుతున్నాయి, పోలీసులకు జాడ తెలుస్తోంది, గురువారంలోగా ఊళ్లో ఒక్క కుక్క కూడా ఉండకూడదు. గురువారం దాకా ఎవరూ ఆగలేదు. మంగళవారానికే ఊరంతా చప్పబడిపోయింది.

మా బాపు మాత్రం చంపలేదు. ఆయన తాడిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా కాలు జారనివాడు. ఆయన ఎక్కే చెట్ల ఎత్తుకు గద్దలు కూడా సగంలో ఆగి దమ్ము తీసుకునేవి.

"చెట్టు గీసే కత్తికి నెత్తురంటితే చెట్టు కల్లియ్యది," అన్నాడు.

"కత్తి ఎందుకు, కట్టె లేదా?" అంది అవ్వ.

"కట్టె పట్టేది గా చెయ్యే గదనే."

సిరిసిల్లలో మేనమామ దగ్గరికి పంపుదామన్నాను. అక్కడి మగ్గాల చప్పుడులో పులి గాండ్రించినా పక్కింటికి వినపడదు. మేనమామ కబురు పంపాడు: "గీడ మనుషులకే గంజి లేదు, కుక్కకేం పోస్త బావా?"

అప్పుడు బాపుకు కల్లుగీతవాడికే తోచే ఉపాయం తోచింది. పొద్దున ఒక ముంత, సాయంత్రం ఒక ముంత కుక్కకు కల్లు తాపాడు. రెండు రోజుల్లో అది పెండ్లి బరాత్‌లో మేనమామలా తయారైంది. కొట్టంలో పడి గురక పెట్టేది. మొరగడం మరిచిపోయింది.

పది రోజులకు పట్టపగలు పోలీసు జీపు వచ్చింది. జీపు వెంట ఒక్క కుక్క కూడా ఉరకలేదు. ఎస్సైకి అదే అనుమానం. మగవాళ్లందరినీ బడి ముందు నిలబెట్టాడు.

"ఊర్లె కుక్కలేవిరా? ఎవడు సంపుమన్నడు?"

మొదటి ముగ్గురికి దెబ్బలు పడ్డాయి. నాలుగోవాడు బాపు.

"నాది ఉన్నది సారు. నేను సంపలే."

నేను పోయి కుక్కను తెచ్చాను. అది తూలుతూ వచ్చి ఎస్సై బూటు మీద తల పెట్టి పడుకుంది. ఎస్సై నవ్వాడు. బాపు భుజం తట్టి, ఊరంతా వినేలా అన్నాడు: "ఒక్కడన్న మొగోడున్నడు ఈ ఊర్లె. శభాష్."

ఆ మాట అన్నల చెవిన పడుతుందని బాపుకు తెలుసు, పక్కనున్న నాకూ తెలుసు.

ఐదో రోజు మధ్యాహ్నం తాటివనంలోకి అన్నలు ఇద్దరు వచ్చారు. బాపు అప్పుడే చెట్టు దిగాడు, చెట్టెక్కే తాడు మోకు ఇంకా నడుముకే ఉంది. నిండిన కల్లు లొట్టి నా చేతికిచ్చాడు.

"మోకు ఇప్పి పక్కకు పెట్టు పెద్దబాపు," అన్నాడు వాళ్లలో చిన్నవాడు. "సారు శభాష్ అన్నడట గదా."

"అది మొరుగుతలేదు కొడుకా. కల్లు తాపుతున్న. నువ్వే వచ్చి సూడు."

"మొరుగుడు సంగతి కాదు పెద్దబాపు. మాట సంగతి."

బాపు చేతులు జోడించాడు. నేల మీద కూలబడ్డాడు. వాళ్లు ఆయనను కూర్చోనిచ్చి, కాళ్లు చాపించి, మోకాళ్ల మీద కొట్టారు. దెబ్బ దెబ్బకూ పెద్దబాపు అంటూనే ఉన్నాడు ఆ చిన్నవాడు. నేను లొట్టి పట్టుకుని నిలబడ్డాను. ఎద్దులాంటివాణ్ని. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"కోరుట్లల ఆగకు, సక్కగ జగిత్యాల తీస్కపో," అన్నాడు ఆ చిన్నవాడు నాతో, పోతూ పోతూ. "ఆడ బొక్కల డాక్టరు మంచోడు. చెట్టు మీదికెల్లి పడ్డడని చెప్పు. పోయేముందు కుక్క పని నువ్వే సూడు."

బాపును బండిలోకి ఎక్కించి కొట్టంలోకి పోయాను. ఆ సాయంత్రం దానికి కల్లు పోసినవాడు లేడు, మత్తు దిగి ఉంది. నా చేతిలో రోకలి చూసింది. వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకి లేపి, గొంతు చూపించింది. ఆ భాష నాకంటే బాగా తెలిసిన మనిషి ఆ ఊళ్లో లేడు. రెండు దెబ్బలతో అయిపోయింది. మూడోది అవసరం లేదు. కొట్టాను.

జగిత్యాలలో డాక్టరు అడిగాడు: "ఎట్ల పడ్డవయ్యా?"

 మోకాళ్లు పగిలినప్పుడు రాని నీళ్లు బాపు కళ్లలోకి అప్పుడు వచ్చాయి.

"కాలు జారింది సారు."

నెల తర్వాత ఇంటికి తెచ్చాము. ఇక చెట్టు ఎక్కలేడని డాక్టరు చెప్పాడు. ఊళ్లోని గీతవాళ్లంతా పరామర్శకు వచ్చారు. వనంలో ఏం జరిగిందో వాళ్లలో తెలియనివాడు లేడు.

"మోకు సూస్కోవద్దానే అన్నా," అన్నాడు ఒకడు. "పాతదాన్ని నమ్ముకుంటే గిట్లనే అయితది."

"అవు తమ్మీ," అన్నాడు బాపు. "పాతదైంది."

అందరూ తలలూపారు. గోడకు వేలాడుతున్న ఆ మోకు రెండు నెలల కిందట పేనింది. తలలూపినవాళ్లలో ఇద్దరు దాన్ని పేనేటప్పుడు బాపుకు ఎదురుగా కూర్చుని రెండో కొస పట్టుకున్నవాళ్లే.