టమాట గంపకు దారి

1974 వేసవిలో నన్ను మొఘల్‌పురా వైపు వెళ్లే రోడ్డు మొదట్లోని చెక్‌పోస్టుకు ట్రాఫిక్ సబ్-ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. పాతబస్తీ గల్లీల్లోకి పగటిపూట సరుకు బండ్లు రాకూడదని అప్పుడే ఉత్తర్వు వచ్చింది. త్వరగా చెడిపోయే సరుకు కొంచెం ఉన్నా ఆ బండికి మాత్రం మినహాయింపు. అందుకని ప్రతి బండినీ ఆపి, సరుకు చూసి వదలడం మా పని.

కొద్ది రోజులకే ఏ లారీ వెనుక తలుపు తీసినా ముందు టమాటల గంప కనిపించసాగింది. దాని వెనుక బట్టల బేళ్లు. ఒకనాడు గంప అంచుకు కట్టిన ఎర్రగుడ్డను గుర్తుపట్టాను. పొద్దున ఇంకో లారీలో చూసిన గంపే అది! లోపలికి వెళ్లిన గంప సైకిల్ మీద తిరిగొచ్చి, పక్క చాయ్ హోటల్లో తరువాతి లారీ కోసం కాచుకుంటోంది.

ఆ లారీ డ్రైవర్ ఖలీల్‌ను నిలదీశాను. అతను బంపర్‌కు వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండ చూపించాడు.

"గిది దిష్టికి సాబ్. టమాట మీకు."

కాగితాలు జప్తు చేస్తానన్నాను.

"చేయుండ్రి. సేట్లు దుకాణం తెరిచేదే పగటీలి. రాత్రి తెస్తే సరుకు ఎవరికి దించాలె, కుక్కలకా?"

ఇంతలో లారీల వెనుక నుంచి కేక వినిపించింది. ఎద్దుబండి నిండా తను పండించిన పాలకూరతో యాదమ్మ అనే రైతు ఎండలో నిలబడి ఉంది.

"ఏంది సారూ గీ లొల్లి? నా కూర సచ్చిపోతుంటే, మీరు గా టమాటలను ఊరేగిస్తున్రా?"

ఆమె బండిని ముందుకు తీయించాను. అప్పటికే ఆకు వాడిపోయింది, ఎవరూ కొనలేదు. మర్నాడు వచ్చి, ఇంకోసారి ఇట్లయితే కూర పండించుడే బంద్ అని చెప్పి వెళ్లింది.

పై అధికారికి విషయం చెబితే, "పాతబస్తీ వాళ్ల బుద్ధే అంత" అన్నారు. అదీ దిష్టిదండ లాంటి నమ్మకమేనని ఆయనకు ముఖం మీదే చెప్పాను. ఖలీల్‌కు మోసం నేర్పింది అతని ఊరు కాదు, మన ఉత్తర్వు. మనం గంప అడిగాం, అతను గంప తెచ్చాడు. బండిలో ఏముందో చూడటం మానేసి, బండి ఎంతుందో చూద్దామని రాసిచ్చాను. పెద్ద లారీలు బయటి మైదానంలోనే సరుకు దించాలి. అక్కడి నుంచి తోపుడు బండ్లు, ఎద్దుబండ్లు పగలంతా ఆగకుండా వెళ్లొచ్చు. ఆయన కోపంగానే సంతకం పెట్టారు.

కొత్త పద్ధతి మొదలైన ఉదయం యాదమ్మ బండి మా ముందు నుంచే సాగిపోయింది.

"ఏంది సారూ, ఇయ్యాల ఆపరా?" అని ఎగతాళి చేసింది. చాయ్ హోటల్ ముందు గంప ఖాళీగా బోర్లించి ఉంది.

నిబంధన దేన్ని చూస్తుందో, జనం దాన్నే చూపిస్తారు. అది తప్పుడు వస్తువును చూసినంత కాలం, అసలు సరుకు వెనుక వరసలో ఎండుతూనే ఉంటుంది.