డెన్మార్క్ ఆయన షడ్జమం

ఎనభైల మొదట్లో, పిస్కాటవేలోని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి రెండు వారాలు తిరక్కుండానే మా నాన్న తిరుగు టికెట్ ముందుకి జరపమన్నారు. ఆయన రిటైరైన వయొలిన్ మాస్టారు. విజయవాడలో తలుపు తీస్తే నలుగురు పలకరించే మనిషికి, ఇక్కడ కిటికీ తీస్తే మంచు తప్ప దిక్కు లేదు. ఆరు నెలలైనా ఉంటారని ఎంత ఆశపడ్డానో! మా ఆయన ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేస్తే వచ్చే శుక్రవారానికి సీటు దొరికింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పట్లో నేను యూనివర్సిటీలో పాశ్చాత్య సంగీతం మీద సాయంత్రం క్లాసుకి వెళ్ళేదాన్ని. మా ప్రొఫెసరమ్మ ఒక డెన్మార్క్ సింఫొనీ రికార్డు చేతికిచ్చి, తొందరపడకుండా పదేపదే విని, విన్నది మాత్రమే రాసుకు రమ్మంది. అర్థంకాని సంగీతం నేనొక్కదాన్నే ఎందుకు భరించాలని నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఆయన చేసిన మొదటి పని, సూట్‌కేసు అడుగునుంచి శ్రుతిపెట్టె తీయడం. శ్రుతి లేని సంగీతమంటే ఆయన దృష్టిలో విస్తరి వేయకుండా వడ్డించడమే. రికార్డు మొదలవగానే షడ్జమం పట్టుకుని పెట్టె కలిపారు. కాసేపు డెన్మార్క్, విజయవాడ సలక్షణంగా కాపురం చేశాయి. తర్వాత నాన్న మొహం ముడుచుకుంది.

"ఆపు, ఆపు! వీళ్ళ షడ్జమం జారిపోయిందమ్మాయ్!"

మన కచేరీలో మొదట పెట్టుకున్న 'స' మంగళం దాకా కదలదు. కదిలిందా, విద్వాంసుడి పరువు పోయినట్టే. అయినా అంతమంది వాయించేవాళ్ళు కట్టగట్టుకుని జారతారా? కాబట్టి తప్పు రికార్డు తిప్పే యంత్రానిదేనని తేల్చారు.

"అల్లుడుగారూ, మీ నూటపది వోల్టుల కరెంటు శ్రుతికి చాలదండీ."

"కరెంట్ కాదు మామయ్యగారూ, బెల్ట్ లూజ్ అయినట్టుంది. రీప్లేస్ చేస్తాను."

కొత్త బెల్టు వేసినా షడ్జమం సరిగ్గా అక్కడే జారింది. సిగ్గు విడిచి ప్రొఫెసరమ్మని అడిగాను. ఆవిడ పడీపడీ నవ్వి, యంత్రానికి ఏ రోగమూ లేదు, ఆ సింఫొనీ రాసిన డెన్మార్క్ ఆయన కావాలనే ఒక 'స'తో బయలుదేరి వేరే 'స' దగ్గర ఆగుతాడని చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "కావాలనా?" అంటూ నాన్న లేచి నిలబడ్డారు. నా పెళ్ళిలో కాఫీ చల్లారిందని మగపెళ్ళివారు అలిగినప్పుడు కూడా ఆయనకి అంత కోపం రాలేదు.

మర్నాటి నుంచి విచారణ మొదలైంది. సూది పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. "ఇదిగో, ఈ బూరాల దగ్గర గడప దాటాడు, రాసుకో" అనేవారు. నేను రాస్తూ కూర్చుంటే ఉప్మా మాడింది. మొదటి వైపు తేలందే రెండో వైపు తిప్పనివ్వనని ఆయన పట్టు. క్రమంగా తిట్లు తగ్గాయి. షడ్జమం కదిలిన చోటల్లా పెట్టె శ్రుతి మార్చి, ఆయనా దాని వెంట నడిచారు. నా వ్యాసంలోనూ అదే రాశాను, పెట్టె ఎక్కడెక్కడ మార్చాల్సి వచ్చిందో. కట్టిన సూట్‌కేసు మాత్రం హాల్లోనే ఉంది. అటు చూడకుండా తిరిగాను.

శుక్రవారం పొద్దున మా ఆయన కార్ స్టార్ట్ చేసి లోపలికి వచ్చారు.

"మామయ్యగారూ, ఎయిర్‌పోర్ట్‌కి లేట్ అవుతుంది."

నాన్న రికార్డు ముందునుంచి లేవలేదు.

"ఆ మనిషి ఎక్కడ స్థిరపడ్డాడో తెలీకుండా ఎలా వెళ్ళనండీ? ఇంకా రెండో వైపు తిప్పనేలేదు."