తిమ్మప్ప కారులో ఆరని ఎర్రలైటు

పుప్పాలగూడ అపార్టుమెంట్లలో కార్లకు కొదవ లేదు గానీ, బయల్దేరే ముందు కారు చుట్టూ తిరిగి, టైర్లన్నీ కాలితో తట్టి చూసేది తిమ్మప్ప ఒక్కడే. కదిరిలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరై, కొడుకు చైతన్య దగ్గరికి వచ్చిన మనిషి. కొడుకు బైకు మీద మాదాపూర్ ఆఫీసుకు పోతే, కోడలు శిరీషను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆమె ఆఫీసు దగ్గర దింపి రావడం ఈయన పని. పని అనకూడదు, అదే ఆయన దర్జా.

అలాంటి మనిషి కారులో ఒకరోజు పొద్దున్నే ఎర్రలైటు వెలిగింది. హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు వెలగాల్సిన లైటు, బ్రేక్ దించినా ఆరలేదు. పైగా కారు కదిలితే చాలు, లోపల అలారం కీచుమని ఒకటే గోల.

"మామా, హ్యాండ్‌బ్రేక్ తీయలేదేమో," అంది శిరీష మెల్లగా.

"తీసినా తల్లీ, చూడు." మళ్లీ లాగాడు, మళ్లీ దించాడు. లైటు మాత్రం మొండికేసింది.

సాయంత్రానికి సంగతి చైతన్య చెవిన పడింది. చైతన్య మంచివాడే, కాకపోతే ఆఫీసులో పదిమందికి సలహాలిచ్చే గొంతునే ఇంటికీ తెచ్చుకుంటాడు. "నువ్వు పూర్తిగా దించడంలేదు నాన్నా. మొన్న కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినావు. వయసైతోంది. శిరీషకు క్యాబ్ పెడతాలే, నువ్వు రెస్ట్ తీసుకో," అంటూ తాళాలు జేబులో వేసుకున్నాడు.

తిమ్మప్ప బాల్కనీలో కుర్చీ వేసుకుని, లేని హ్యాండ్‌బ్రేక్‌ను ఎడమచేత్తో లాగుతూ దించుతూ కూర్చున్నాడు. నిజంగానే మరిచిపోతున్నానా? కోడలు పక్కన కూర్చున్న బండి అది! భార్య జయమ్మ అన్నానికి పిలిస్తే "ఇప్పుడే కదా తిన్యా" అన్నాడు. తినలేదని గుర్తొచ్చి మరింత బెదిరిపోయాడు.

ఆదివారం కూరగాయలకని చైతన్యే కారు తీశాడు. పక్క సీట్లో తిమ్మప్ప, పాఠం వినే పిల్లవాడిలా.

"ఇట్ల, పూర్తిగా అదిమి దించల్ల నాన్నా."

దించాడు. లైటు వెలుగుతూనే ఉంది. ఇంకా గట్టిగా అదిమాడు. ఊహూ.

తిమ్మప్ప ముఖం చాటంత అయింది. కారు పాడైందని అంత సంబరపడిన మనిషి హైదరాబాదులో మరొకడు ఉండడు. "నీకూ వయసైతోంది రోయ్!" అన్నాడు.

నార్సింగి దారిలో మెకానిక్ రాకేశ్ దగ్గర ఆపారు. ఆయిల్ తగ్గినా ఆ లైటే వెలుగుతుందని చూస్తే, బ్రేక్ ఆయిల్ నిండుగానే ఉంది. "జర ఆగుండ్రి సార్," అంటూ అతను హ్యాండ్‌బ్రేక్ లివర్ కింద వేళ్లు దూర్చి ఏదో పీకాడు. పసుపుదారం చుట్టిన లావుపాటి పసుపుకొమ్ము! "గిది అడ్డమున్నది. లివర్ పూరా దిగుతలేదు, లైట్ ఆరుతలేదు, గంతే."

ఇంటికొచ్చి కొమ్ము చూపించగానే జయమ్మ ముఖం పాలిపోయింది. "నేనే కట్టినానయ్యా. ఈ ఊరి ట్రాఫిక్‌లో నువ్వు బండి తోలుతాంటే నాకు గుండె దడ. స్టీరింగుకు కడితే తిట్టి పీకేస్తావని ఆడ దాచి కట్టినా. నీకు మేలు జరగల్లనుకుంటే, నీ చేతిలో తాళాలే లేకుండా పోయె." ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడుస్తావేందే పిచ్చిదానా! నాకు మతి పోలేదని తేలింది, అది చాలు. ఇంకోసారి కట్టల్లంటే డిక్కీలో కట్టు, ఎన్నైనా కట్టు," అని తిమ్మప్ప పగలబడి నవ్వాడు. చైతన్య జేబులోని తాళాలు ఎవరూ అడక్కుండానే టీవీ పక్కన వాటి చోటికి తిరిగొచ్చాయి.

మర్నాడు శిరీష ముందు సీట్లో కూర్చుంది. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. బ్యాగుతో చైతన్య ఎక్కాడు.

"నన్ను కూడా దింపు నాన్నా."

మాదాపూర్‌కు అది దారి కాదు, బైకు కిందే ఉంది. ఆ సంగతి కారులో అందరికీ తెలుసు. తిమ్మప్ప అద్దంలోంచి చూస్తే కొడుకు కళ్లు దించుకున్నాడు. ఆయన ఒకసారి దగ్గి, అద్దం సర్దుకున్నాడు.

"బెల్టు పెట్టుకో నాయనా," అని బండి కదిలించాడు.