ముక్కుకి గొట్టం, చేతిలో స్టీరింగు

మా పెదనాన్నగారు పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున్న, పక్క టౌను గూడెం ఆసుపత్రిలో, స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదకి మార్చేలోపే పోయారు. ఆ కబురు బంధువులందరికీ చెప్పాల్సిన పని నా నెత్తిన పడింది. ఆసుపత్రి ఎదురుగా ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేస్తుంటే, అవతల నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "కారు ఆయనే నడిపారా?" ఎంత కోపం వచ్చిందో నాకు! మనిషి పోయాడంటే ముందు అయ్యో అనాలి కదండీ, కారు సంగతి ఇప్పుడెందుకు? "కాదు, నేను నడిపాను, ఆయన నా పక్కన కూర్చున్నారు" అని చెప్పి పెట్టేశాను. ఆ ముక్క అనడానికి నాకెంత ఏడుపొచ్చిందో వాళ్ళకేం తెలుసు.

వాళ్ళు అలా అడగడంలో వింత లేదు లెండి. గణపవరంలో మా పెదనాన్నగారి గురించి ఎవరినడిగినా, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పాత ఫియట్ కారు నడిపే సైన్సు మాస్టారు అనే చెబుతారు. ఏదో ఒకరోజు ఈయన ఆ సిలిండర్‌తో సహా పేలిపోతాడని సెంటర్లో టీ కొట్టు దగ్గర అనుకునేవారు. ఆ మాట ఆయన చెవినా పడింది. కోప్పడలేదు సరికదా, ఒకరోజు కారాపి, టీ తాగేవాళ్ళందరికీ క్లాసు తీసుకున్నారు.

ఆయన మిషన్ స్కూల్లో సైన్సు చెప్పేవారు. నేనూ ఆయన దగ్గరే చదివాను. మా నాన్న నా చిన్నప్పుడే పోతే, నాన్నకి అన్నగారైన ఈయనే నన్ను పెంచారు. బళ్ళో "మాస్టారండీ", ఇంట్లో "పెదనాన్నగారూ". తప్పు పిలిస్తే పలికేవారు కాదు. ఆక్సిజన్ పాఠం చెప్పే రోజున పుల్ల వెలిగించి, ఆర్పేసి, ఇంకా ఎర్రగా ఉండగానే జాడీలో పెట్టేవారు. భగ్గుమని మళ్ళీ అంటుకునేది. "చూశారా, ఇది తను మండదు. మండేదాన్ని రెచ్చగొడుతుంది. పక్కింటివాళ్ళ తగువులో దూరే మనిషన్నమాట" అనేవారు. క్లాసంతా నా వైపు చూసి నవ్వేది. నాకు నోరెక్కువని అప్పటికే పేరు మరి.

అలాంటి మనిషికి రిటైరయ్యాక ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు ఏలూరు డాక్టరు. చుట్ట ముట్టినవారు కాదు, బీడీ ఎరగరు. "చాక్‌పీసు పొడి తప్ప ఏదీ పీల్చని మనిషికి ఇదేం శిక్ష ప్రభువా" అని మా పెద్దమ్మ చర్చిలో కూర్చుని ఏడ్చింది. కొందరికి ఎందుకొస్తుందో మాకూ తెలియదమ్మా అన్నారు డాక్టరుగారు. నడిస్తే ఆయాసం, నాలుగు మెట్లెక్కితే పెదాలు నల్లబడిపోయేవి. చివరికి ఆక్సిజన్ పెట్టుకోక తప్పదన్నారు.

అది వినగానే పెదనాన్నగారు అడిగింది ఒక్కటే: "కారు నడపొచ్చాండీ?"

నేను పక్కనే ఉన్నాను. "ప్రాణం మీదకొస్తే కారంటారేమిటండీ!" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "కారు ఆపేస్తే మంచం మనిషినైపోతాను అమ్మాయ్. ఇక అందరూ నన్ను మోసేవాళ్ళే అవుతారు" అన్నారు. చాలా మెల్లగా అన్నారు.

డాక్టరుగారు మంచివారు. కసరలేదు. "ఆక్సిజన్ పెట్టుకుని నడపండి, తీసేసి మాత్రం నడపొద్దు. తలనొప్పిగా ఉన్నా, మగతగా ఉన్నా కారు ముట్టుకోవద్దు. మీరు పడిపోతే మీరొక్కరే పోరు, రోడ్డు మీద వాళ్ళు కూడా పోతారు" అన్నారు. పెదనాన్నగారు బుద్ధిగా తలూపారు. బస్సులో వెళ్ళే వీలు ఎలాగూ లేదు. సిలిండర్‌తో ఎక్కించుకోనన్నాడు కండక్టరు. అతని తప్పేం లేదు, వెనక సీట్లో కూర్చుని బీడీ వెలిగించేవాళ్ళు ఉండనే ఉంటారు.

ఇక చూడాలి ఆ ఫియట్ కారు వైభవం. సిలిండర్‌ని ముందు సీటు వెనకాల కింద పడుకోబెట్టి, మంచం నవారుతో సీటు కాళ్ళకి బిగించి కట్టారు. అటూ ఇటూ ఇసక మూటలు. "సడెన్ బ్రేకు వేస్తే ఇది లేచి మన వీపు మీదకొస్తుంది. దీని మూతి విరిగిందంటే తారాజువ్వే" అనేవారు. గొట్టం భుజం మీదుగా తెచ్చి చొక్కాకి పిన్నీసుతో పెట్టుకునేవారు, స్టీరింగుకి చుట్టుకోకుండా. ఎంత చలైనా అద్దాలు కొంచెం దించి ఉంచాల్సిందే. ఏలూరులో పనున్నంతసేపూ కారు నీడనే ఉండాలి. ఆసుపత్రి ఆవరణలో నీడ దొరక్కపోతే సిలిండర్ విప్పించి లోపలికి మోయించేవారు. ఎండలో సిలిండర్‌ని వదిలేస్తే ఇంట్లో పసిపిల్లని వదిలేసినట్టు గాభరా పడిపోయేవారు.

మొదట్లో ఒక్క విషయంలో మాత్రం చిన్నపిల్లాడిలా చేశారు. స్కూలు ముందునుంచి కారు వెళ్ళేటప్పుడు గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. పాత శిష్యులు చూస్తారని సిగ్గు. స్కూలు దాటేసరికి మొహం పాలిపోయేది. రెండోసారి చూసి ఊరుకోలేకపోయాను. "మీ క్లాసులో ఎవరైనా కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడితే ఏం చేసేవారండీ?" అన్నాను. "తొడపాశం పెట్టేవాణ్ణి" అన్నారు. "మరి?" అన్నాను. కారాపి, గొట్టం పెట్టుకుని, హారన్ కొట్టి మరీ స్కూలు ముందునుంచి పోనిచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు.

మా పెద్దమ్మ తనకి ఒకరోజు పడ్డ తిట్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది, ఈ వారంలో కూడా చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. రెగ్యులేటర్ మర తిప్పుతుంటే కీచుమంటోందని, ఆయనకి వేళ్ళు నొప్పెడుతున్నాయని, ఇంత కొబ్బరినూనె తెచ్చి రాయబోయింది. కుట్టు మిషన్‌కీ, గేటు బందులకీ, ఆఖరికి మా జడలకీ అదే సీసా కదా. పెదనాన్నగారు వసారాలోంచి ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చారు. ఆ మనిషి పరిగెత్తడం చాలా కాలానికి అప్పుడే చూశాను. "ఒసే, నూనె తగిలించకే! ఆక్సిజన్ దగ్గర నూనె పెడితే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదే!" అని అరిచి, దగ్గొచ్చి, అక్కడే కూలబడ్డారు. పెళ్ళయ్యాక ఆయన పెద్దమ్మని "ఒసే" అన్నది ఆరోజే. ఆవిడ చేతిలోంచి సీసా కింద పడింది. ఆ తరవాత సిలిండర్ ముట్టుకోవాలంటే సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, వాసన చూసుకుని మరీ ముట్టుకునేది.

దారిలో చెయ్యెత్తినవాళ్ళని ఎక్కించుకోవడం ఆయనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కొల్లేరు లంకల నుంచి చేపల తట్టతో వచ్చే ఆడవాళ్ళు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు, ఆకివీడు రైలుకి పోయేవాళ్ళు, ఎవరైనా సరే. ఆక్సిజన్ వచ్చాకా ఆ అలవాటు పోలేదు. కాకపోతే తలుపు తీసే ముందు తనిఖీ. "చుట్టలు, బీడీలు, అగ్గిపెట్టెలు ఉంటే డిక్కీలో పడెయ్యండి. దిగేటప్పుడు ఇస్తాను" అనేవారు. ఒక ముసలాయన మహా మొండిఘటం. "వెలిగించను కదండీ బాబూ, ఊరికే నోట్లో పెట్టుకుంటాను" అన్నాడు. "మీరు వెలిగించరు, మీ చెయ్యి వెలిగిస్తుంది. యాభై ఏళ్ళ చెయ్యి మీ మాట వింటుందా?" అన్నారు పెదనాన్నగారు. ముసలాయన చుట్ట తీసి డిక్కీలో పడేశాడు. దిగేటప్పుడు మర్చిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు దాన్ని ఇవ్వడానికి మళ్ళీ ఆ ఊరు బయల్దేరారు మా పెదనాన్నగారు! ఇలాంటి మనిషితో ఎలా వేగాలో చెప్పండి.

తాళం తిప్పే ముందు ఒక పరీక్ష పెట్టుకునేవారు. సీట్లో కూర్చుని, గొట్టం సర్దుకుని, పైకి పదమూడో ఎక్కం చెప్పుకునేవారు. తడబడకుండా, మధ్యలో ఊపిరి అందక ఆగకుండా పూర్తయితేనే కారు కదిలేది. లేకపోతే దిగిపోయేవారు. బుర్ర, ఊపిరి రెండూ ఒకేసారి తేలిపోతాయనేవారు. ఎక్కం అయ్యేదాకా నేనూ పెద్దమ్మా నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. నేను నోరు మూసుకుని కూర్చున్న సందర్భాలు నా జీవితంలో అవే.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, ఏలూరు వెళ్ళే రోజున, ఎక్కం సగంలో తప్పు చెప్పారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తప్పు. నేను అందించబోయాను. చెయ్యెత్తి వద్దన్నారు. కాసేపు అలా స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. మేము తప్ప ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు, కాదనేవాళ్ళూ లేరు. కావాలంటే తిప్పెయ్యొచ్చు తాళం. తిప్పలేదు. తలుపు తీసుకుని దిగి, కారు చుట్టూ మెల్లగా నడిచి, నా వైపు తలుపు తీశారు. "నువ్వు అటు జరుగమ్మాయ్" అన్నారు.

"నాకు రాదు కదండీ" అన్నాను.

"వస్తుంది. నేనున్నాగా" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు ఆయనకి. నేను చూడనట్టు నటించాను.

ఆ రోజు ఏలూరుకి అద్దె కారులో వెళ్ళాం. మర్నాటినుంచి నాకు డ్రైవింగు పాఠాలు. నాకన్నీ తొందరే కదా, స్కూటరు నడిపినట్టే నడిపేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "ముందున్న బండి ఆగిపోతుందని అనుకుని నడుపు" అనేవారు. "రోడ్డు మనొక్కళ్ళకే వెయ్యలేదమ్మా" అనేవారు. ఎవరైనా హారన్ కొట్టి దాటిపోతే నాకు ఒళ్ళు మండేది. "పోనీ, పాపం, ఆయనింట్లో పాలు పొంగిపోతున్నాయేమో" అనేవారు. లైసెన్సు వచ్చిన రోజున పెద్దమ్మ పాయసం చేసింది. ఆయన రెండు చెంచాలు తిని, ఆయాసమొచ్చి పడుకున్నారు. ఆ తరవాత ఆయన ఒక్కసారి కూడా స్టీరింగు వైపు కూర్చోలేదు. కూర్చోమని నేనూ అడగలేదు. అడిగితే ఏడుస్తారేమోనని భయం. మంచం మనిషిని కానన్నారు, కాలేదు. పక్క సీట్లో కూర్చుని రోడ్డంతా తనే నడిపారు.

పోయిన వారం ఆ పొద్దున్న ఊపిరి అస్సలు అందలేదు. ఆక్సిజన్ పెంచినా పెదాలు నల్లగానే ఉన్నాయి. అంబులెన్సు వేరే ఊరు వెళ్ళింది, ఆలస్యమవుతుందన్నారు. నేనే కారు తీశాను. వెనక పడుకోమంటే వినలేదు, ముందే కూర్చున్నారు. పెద్దమ్మ వెనకాల సిలిండర్ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని ప్రార్థన చేస్తోంది. గూడెం రోడ్డెక్కామో లేదో, మా ముందు చేపల లారీ. ఐసు కరిగి నీళ్ళు ధారగా రోడ్డు మీద కారుతున్నాయి. ఓ పక్క కాలువ. హారన్ కొట్టాను. పక్కకి తప్పుకోడు. ఇంకోసారి కొట్టాను. కుడివైపు కొంచెం ఖాళీ కనపడింది. గేరు మార్చబోయాను.

పెదనాన్నగారు నా చేతి మీద చెయ్యి వేశారు. గట్టిగా కాదు. ఆ చేతిలో గట్టిగా పట్టుకునే బలం ఎక్కడిది? "వద్దమ్మాయ్" అన్నారు.

"మీకు ఊపిరి ఆడట్లేదండీ!" అని అరిచాను. ఏడుస్తూ అరిచాను. ఆయన చెయ్యి తియ్యలేదు. నేను దాటలేదు. ఆ లారీ వెనకాలే, తిట్టుకుంటూ, ఏడుస్తూ, గూడెం దాకా నడిపాను. ఆసుపత్రి మెట్ల దగ్గర ఇంకా ఊపిరి ఉంది. లోపలికి వెళ్ళేసరికి లేదు.

"కాస్త ముందొచ్చినా ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళమమ్మా" అన్నారు అక్కడి డాక్టరు. నిజంగా అన్నారో, నా మొహం చూసి అన్నారో నాకు తెలియదు. రోజుకోసారైనా నన్ను నేను అడుగుతున్నాను, దాటేసి ఉంటే ఏమయ్యేదని. ఒక్కోసారి ఆయన మీదే కోపం వస్తుంది. తన ప్రాణం దగ్గర కూడా ఇంత జాగ్రత్త ఏమిటండీ అని అడగాలనిపిస్తుంది. అడగడానికి మనిషేడి?

కానీ ఆయన నా చేతిని పట్టుకున్న కాసేపటికే ఏం జరిగిందో కూడా చెప్పాలి. కాలువ మలుపులోంచి, నేను దూరిపోదామనుకున్న ఆ ఖాళీలోకి, స్కూలు పిల్లల ఆటో వచ్చింది. లోపల పిల్లలు, డ్రైవరుకి అటూ ఇటూ పిల్లలు, బయటికి వేలాడుతున్న పుస్తకాల సంచులు. లారీని రాసుకుంటూ మా కారు దాకా వచ్చింది. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్న పిల్లలు పెదనాన్నగారి ముక్కున గొట్టం చూసి నోళ్ళు తెరిచి, తరవాత నవ్వి, చేతులూపారు. పెదనాన్నగారు నా చేతి మీద నుంచి తన చెయ్యి తీసి, ముందు అద్దం దాకా ఎత్తి, వాళ్ళకి ఊపారు. ఆటో వెళ్ళిపోయింది. ఆ చెయ్యి మెల్లగా దిగి డ్యాష్‌బోర్డు మీద వాలింది. గూడెం చేరేదాకా, వేళ్ళు కొంచెం విచ్చుకుని, రోడ్డు వైపు తిరిగి అలాగే ఉంది.