కాంపౌండర్ తాత కోపం

చిలకలగూడలో మా ఎదురింటి కాంపౌండర్ తాత సోమవారం పొద్దున గుండెపోటుతో పోయారు. పది నిమిషాలు తిరక్కుండానే మా కాలనీ వాట్సాప్ గ్రూపు దండాలతో, పువ్వులతో నిండిపోయింది. 'బంగారంలాంటి మనిషి' అని రాసినవాళ్లలో సగం మంది మొన్నమొన్నటి దాకా ఆయన్ని 'కుక్కల తాత' అని వెక్కిరించినవాళ్లే. ఫోను మంచం మీదికి విసిరేశాను.

ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బుల్లి కుక్కతో ఎవరు కనబడినా ఆపేసేవారు.

"యాపిల్ పెడ్తే గింజలు, నడిమి బొడ్డు తీసెయ్. మామిడి టెంక అసలే ఇయ్యకు, గొంతుల ఇరుక్కుంటది. దాని కడుపెంత? నీ పిడికిలంత లేదు. గోరంత ముక్క చాలు."

వినేవాళ్లు తక్కువ, నవ్వేవాళ్లు ఎక్కువ. నేనూ నవ్వాను.

రెండేళ్ల కిందట మా పాప పుట్టినరోజుకు ఆయన్నీ పిలిచాం. మా మరిది, మా పొమెరేనియన్ కుక్క చిట్టికి ద్రాక్షపండ్లు ఒక్కొక్కటే ఎగరేస్తున్నాడు. అది గెంతి నోట పట్టుకున్నప్పుడల్లా పిల్లలు చప్పట్లు. తాత లోపలికి వస్తూనే అరిచారు.

"ఏయ్, ఆపు! ద్రాక్ష కుక్కకు విషం. ఒక్కటి సుత పెట్టొద్దు! ఎన్ని తిన్నదది? ఇప్పుడే దవాఖానకు తీస్కపోదాం, నడువుండ్రి!"

"పండు తింటే ఏమైతది తాతా? ఫంక్షన్‌ల పరేషాన్ చెయ్యకు," అన్నాడు మరిది. మావారు ఆయన భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా సాగనంపారు. వెళ్తూ ఆయన నా వైపు చూశారు. కేకు ముక్కలు కోస్తూ తల దించుకున్నాను.

మర్నాడు చిట్టికి వాంతులు. ఆ తరువాతి రోజు మూత్రం ఆగిపోయింది. బేగంపేటలోని డాక్టరు దగ్గరికి ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చింది తాతే. కిడ్నీలు పోయాయన్నారు డాక్టరు. నాలుగో రోజు చిట్టి చనిపోయింది. 'చెప్తే విన్నరా' అంటారని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"మళ్ల ఇంకో కుక్కను తెచ్చుకుంటే, జెర నోరు తెరువు బిడ్డా," అన్నారు, అంతే.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నిన్న సాయంత్రం కాలనీ హాల్లో సంతాపసభ. "ఆయన ఎంతో శాంతస్వభావులు. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు," అన్నాడు సెక్రటరీ మైకులో. లేచి నిలబడ్డాను.

"అబద్ధం చెప్తున్నరు! ఆయనకు మస్తు కోపం. నోరులేని జీవాల కోసం గొంతు చించుకున్నడు. మనం నవ్వినం. నేను సుత నవ్విన. నా కుక్క సచ్చిపోయింది."

మరిది చెప్పుల వైపు చూసుకున్నాడు. మావారు నా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని బయటికి వచ్చేశాను. సరాసరి తాత ఇంటికి వెళ్లాను.

సభకు రాని ఆయన భార్య, వంటింటి గడప దగ్గర కూర్చుని పుచ్చకాయ ముక్క కోస్తున్నారు. పక్కింటి బుల్లి కుక్క ఎదురుగా కూర్చుని తోక ఆడిస్తోంది. అవ్వకు చూపు సరిగా ఆనదు. ముక్కను వేలితో తడుముతూ, తగిలిన గింజనల్లా తీసి పక్కన పెడుతున్నారు.