గిలాసలు అదిరే పాట

మా కాక పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను చిట్యాల బస్టాండులో ఉన్నాను. కాక అంటే మా నాన్నకు తమ్ముడు. ఫోన్ చేసింది ఆయన ఒక్కగానొక్క కొడుకు. "అక్కా, నాయిన లేడే. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వల్నే పానం వోయింది" అన్నాడు. గుండెపోటు అని డాక్టర్ చెప్పాడట. కాక వాళ్లుండే జడ్చర్ల చేరేదాకా ఏడుపు రాలేదు. లోపల ఒక పాట తిరుగుతూనే ఉంది. పాట అంటే పాట కూడా కాదు, దాని అడుగున నడిచే బేస్. ఆ పాట పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బేస్ గిటార్ వాయించేవాణ్ణి ఎవరూ పెద్దగా చూడరు. వేదిక మీద ఓ మూలన నిలబడి ఉంటాడు. మా కాక బతుకంతా ఆ మూలనే నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, పెళ్లిళ్లప్పుడు ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చి. పడుచుతనంలో సికింద్రాబాద్‌లో ఒక రైల్వే గార్డు దగ్గర పాత బేస్ కొన్నాడు. ఆ పెద్దమనిషి గిటార్‌తోపాటు ఒక క్యాసెట్ కూడా చేతిలో పెట్టాడు. దాని నిండా అమెరికా ఫంక్ పాటలు, బేసే ముందుండి నడిపించేవి. పైన కాగితం ఊడిపోయింది కాబట్టి పాటల పేర్లూ లేవు, పాడినవాళ్ల పేర్లూ లేవు. ఇంగ్లీషు మాటలు కాకకు అందేవి కావు. అందుకని బేస్ పోయే తీరును బట్టి ఆయనే పేర్లు పెట్టుకున్నాడు: అలిగిన పాట, మెట్ల పాట, నడక పాట.

అలిగిన పాటలో బేస్ కాసేపు మోగి చటుక్కున మానేస్తుంది. డ్రమ్ములు ఎంత బతిమాలినా పలకదు. తనకు బుద్ధి పుట్టినప్పుడే తిరిగొస్తుంది. మెట్ల పాటలో గబగబా పైకెక్కి, నింపాదిగా దిగుతుంది. నడక పాట మాత్రం కాకకు ప్రాణం. అందులో పెద్ద పనితనమేమీ కనబడదు. మొదటి దెబ్బ మీద వాద్యాలన్నీ ఒక్కచోట కలుస్తాయి. ఆ తర్వాత దేని దోవన అది పోయి, మళ్లీ ఆ దెబ్బకే వచ్చి చేరతాయి. "పాడెటోన్ని ఇడిసిపెట్టు బిడ్డా. కింద ఎవడు నడుస్తుండో గాన్ని ఇను" అనేవాడు. నేను తాళం వేస్తూ మధ్యలో ఉత్సాహం పట్టలేక ఇంకో దెబ్బ కలిపితే నవ్వేవాడు. "కొట్టని కాడ గూడ పాట ఉంటది. గా జాగ నింపకు." ఇవాళ ఎక్కడ ఏ పాట విన్నా నా చెవి అడుగుకే పోతుంది. ఆ చెవి నాకు కాక ఇచ్చిందే.

సెలవు రోజు సాయంత్రం ఆయన వాయిస్తూ కూర్చుంటే వంటింటి అరలో స్టీలు గిలాసలు అదిరేవి. లోపల్నుంచి చిన్నమ్మ కేకేసేది. "జర తగ్గియ్యరాదు! గిలాసలు కిందవడ్తయ్." కాక తగ్గించడానికన్నట్టు ఆంప్లిఫయర్ మీట మీద చెయ్యి వేసి, నాకు కన్నుగీటి, ఇంకాస్త పెంచేవాడు.

తెలంగాణ వచ్చిన తర్వాతి ఏళ్లలో మా వైపు ఆర్కెస్ట్రాలు పోయి డీజేలు వచ్చాయి. తమ్ముడూ ఒక డీజే పెట్టాడు. కొడుకు పెద్ద పెద్ద స్పీకర్ డబ్బాలు కొనుక్కొచ్చినప్పుడు కాక ఏమీ అనలేదు. అసలు చిక్కు కొత్తకోటలో ఒక పెళ్లిలో వచ్చింది. అమ్మాయి తరఫువాళ్లు కాక వాళ్ల ఆర్కెస్ట్రాను పిలిచారు. అబ్బాయి తరఫువాళ్ల బరాత్‌కు తమ్ముడి డీజే వెళ్లింది. ఒకే ఇంట్లోంచి ఒకే పెళ్లికి, ఒకరి సంగతి ఒకరు అడక్కుండా బయల్దేరారు. బరాత్ మండపం ముందుకొచ్చేసరికి ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి గొంతు ఆమెకే వినబడలేదు. కాక వాయించడం ఆపి చెయ్యి తీసేశాడు. అయినా గిటార్ తీగలు అదురుతూనే ఉన్నాయి.

"నేను ముట్టకముందే నా తీగ అదురుతాంది. ఇగ నాతోని పనేముంది?" అన్నాడు ఇంటికొచ్చి. మళ్లీ ఏ పెళ్లికీ పోలేదు. తండ్రీకొడుకులు తిండి గురించి, మందుల గురించి మాట్లాడుకునేవారు. పాట ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. తమ్ముడు వాకిట్లో డబ్బాలు మోగించి చూసుకుంటుంటే కాక చెప్పులేసుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయేవాడు. "గది బేస్ గాదు, గుద్దుడు" అనేవాడు నాతో. కాకది ఒట్టి పంతమని నాకు కోపం కూడా వచ్చేది. వాడికీ అదే బతుకుదెరువు కదా.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, డీజే సప్పుడుకు గుండె ఆగుతదంటరు గదా. వాకిట్ల పెట్టి ఎన్నిసార్లు కొట్టిన్నో. నా డబ్బాలే నాయిన్ని తిన్నయా?"

డాక్టర్ ఆ మాట అనలేదు కదా అన్నాను.

"డాక్టర్ అనలే. నువ్వు జెప్పు."

కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు, అదే నన్ను తినేస్తోంది. వాడు డబ్బాల మీద టార్పాలిన్ కప్పేశాడు. వచ్చిన బేరాలన్నీ వద్దన్నాడు.

చావింటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు వచ్చినవాళ్లంతా ప్రార్థన చేసి వెళ్లిపోయాక, కాక వాయించింది ఒక్కసారి వినాలని ఉందని చిన్నమ్మ అంది. క్యాసెట్‌ను ఎప్పుడో టేప్‌రికార్డర్ నమిలేసింది. పేరు తెలియని పాటను ఎక్కడని వెతుకుతాం? నా ఫోన్‌లో ఒక వీడియో మాత్రం ఉంది. చర్చిలో ప్రాక్టీసు అయ్యాక కాక ఒక్కడే కూర్చుని నడక పాట వాయించుకుంటుంటే తీశాను. అదే పెట్టి ఇచ్చాను. తెర మీద కాక తల ఊపుతున్నాడు, వేళ్లు కదులుతున్నాయి. వినబడేది మాత్రం తీగకు గోరు తగిలే టిక్కుటిక్కే.

"ఏళ్లు ఆడుతున్నయ్ గని సప్పుడేది బిడ్డా?" అంది చిన్నమ్మ. సౌండ్ మొత్తం పెంచాను. ఆ టిక్కుటిక్కే పెరిగింది.

"ఫోన్ల చిన్న స్పీకరుంటదమ్మా. అడుగు సప్పుడు అండ్ల రాదు" అన్నాడు తమ్ముడు గడపలోంచి.

"మరి దేంట్ల వస్తది?"

వాడు వాకిట్లో టార్పాలిన్ వైపు చూశాడు. చిన్నమ్మ కూడా అటే చూసింది. "తియ్యి" అని లేచి వంటింట్లోకి పోయింది.

ఒక్క డబ్బానే లోపలికి తెచ్చాడు. ఫోన్‌కు వైరు తగిలించాడు. "నాయినకు ఇష్టముండదు గదక్కా" అన్నాడు. నేను వీడియో నొక్కాను. వాడు భయంభయంగా మీట తిప్పాడు. మొదటి దెబ్బ నేలలోంచి మా కాళ్లకు తగిలింది. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ కూడా కాకదే. మళ్లీ దెబ్బ. వంటింట్లో గిలాసలు అదరడం మొదలైంది.

"జర తగ్గియ్యరాదు! గిలాసలు కిందవడ్తయ్" అని చిన్నమ్మ లోపల్నుంచి కేకేసింది. 

తమ్ముడి చెయ్యి మీట మీదే ఉంది. తగ్గించలేదు, పెంచలేదు. నేను లేచి వంటింట్లోకి తొంగిచూశాను. పడిపోకుండా గిలాసల మీద అడ్డం పెట్టిన చేతిని చిన్నమ్మ మెల్లగా తీసేస్తోంది.