వెనక సందు

అరవైల్లో అనకాపల్లికి కొత్త ప్లాను వేస్తున్న రోజులు. విశాఖపట్నంలో ఉదయం ఏడుంబావుకి ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు, చంకలో రేకు గొట్టం. గొట్టంలో ట్రేసింగు గుడ్డ మీద గీసిన పటాలు మూడు: వీధులవి ఒకటి, ఇళ్లవి ఒకటి, కాలువలవి ఒకటి. ఒకదానిమీద ఒకటి పరిచి వెలుతురుకి పట్టుకుంటే ఇళ్లు ఎక్కడ కిక్కిరిసి ఉన్నాయో ఇట్టే తెలిసిపోతుంది. ఆ సందులకి ఎరుపు వేస్తాం. అన్నిట్లోకీ ఇరుకైన సందుని కొట్టేసి బజారుకి రోడ్డు తీస్తారు. అక్కడి లెక్క సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మని ఆఫీసరు పంపారు. నేను గీతలు గీసేవాణ్ణి. మనుషులతో మాటలు నాకు అంతగా పడవు.

ఎదుటి బల్లమీది బెల్లం వ్యాపారి గొట్టంకేసి చూసి, "ఏటి బాబూ అది, సన్నాయా?" అన్నాడు. "మీ ఊరే" అన్నాను.

ఎనిమిదిన్నరకి దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, రిక్షాలో ఆ సందుకి చేరాను. మా పటంలో ఇరవై రెండు ఇళ్లు. గుమ్మాల మీద తారు నెంబర్లూ అన్నే ఉన్నాయి. సరిపోయిందనుకుని తిరిగి వెళ్లబోతుంటే, ఇత్తడి గిన్నెలకి కళాయి పూస్తున్న ముసలి సాయిబు పిలిచాడు.

"రోడ్డుకని నెంబర్లేసినాయన గుమ్మాలు లెక్కెట్టీసి ఎల్లిపోయేడు బాబూ. మాకు కొడుకు పెళ్లయితే ఈదిలోకి ఓ గుమ్మం తీత్తాం. ఇల్లు మాత్రం ఒకటే. లోపలికొచ్చి సూడండి."

వెళ్లాను. ఐదు గుమ్మాలు, ఐదు గదులు, వెనక ఒకే వసారా, ఒకే పొయ్యి. పక్కవాళ్లదీ అదే తీరు. సందు చివరికి వచ్చేసరికి ఇరవై రెండు ఇళ్లు కాస్తా ఆరయ్యాయి. ఆరిళ్ల సందుకి ఎరుపు అక్కర్లేదు.

"అయితే మా సందు ఉంటాదా బాబూ?" అన్నాడు సాయిబు.

"ఉంటుంది సాయిబుగారూ" అన్నాను. ఆయన టీ తెప్పించాడు. నాకు గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

మూడున్నర బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. సాయిబు సందు మీది ఎరుపుని బ్లేడుతో గీకేసి, పటాలు మళ్లీ వెలుతురుకి పట్టాను. రోడ్డు ఎలాగూ ఎక్కడో పడాలి. ఇప్పుడు అన్నిట్లోకీ ఇరుగ్గా కనిపిస్తున్నది దాని వెనక సందు. అదీ గుమ్మాలు లెక్కపెట్టి వేసిన ఎరుపే.

తాడి స్టేషనులో బండి చాలాసేపు ఆగింది. దిగి వెనక్కి వెళ్లి ఆ సందూ చూద్దామనిపించింది. ఆఫీసరు చూడమన్నది ఒక్క సందే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గేసింది. అయినా మర్నాడు పటం ఇచ్చేశాను.

అనకాపల్లిని ఒక్క పూటలో చూసి రావచ్చంటారు. నేనూ అలాగే చూసి వచ్చాను. వెనక సందులో మాత్రం మా సందు ఉంటుందా అని నన్నెవరూ అడగలేదు. నేను అటు వెళ్లలేదు.